అప్పు నాది, వడ్డీ బాబాయిది

ఆ మధ్య దసరా సెలవలకి దర్శి వెళ్ళినప్పుడు ఒక గొప్ప పని చేశాను. గొప్ప అని నేననుకున్నాను లెండి. మాకు కాలవ కింద నాలుగెకరాల మిరప ఉంది. నాన్నకి మందులూ, ఎరువులూ కావాల్సొచ్చాయి. ఎప్పుడూ తీసుకునేది బాబాయి కొట్లోనే. ఎప్పుడూ జరిగేది కూడా ఒకటే. బాబాయి పుస్తకంలో నాన్న పేరున రాసుకుంటాడు, మిరపకాయలు గుంటూరు యార్డుకి పోయి, డబ్బులొచ్చాక నాన్న కడతాడు. ఆ రెంటి మధ్యా ఐదారు నెలలు గడుస్తాయి.

ఈసారి నేనున్నాను కదా, ఖాతా ఎందుకు అనుకున్నాను. బిల్లు 38,400 రూపాయలు. కొట్లో కార్డు మిషను కనిపించింది. జేబులోంచి క్రెడిట్ కార్డు తీసి గీకేశాను. కొట్లో ఉన్న ఇద్దరు ముగ్గురు రైతులు నావంక చూశారు. నాన్న కూడా కొంచెం గర్వంగానే చూశాడని నా అనుమానం. పైగా నాకు కార్డు మీద పాయింట్లొస్తాయి, ఆ బిల్లుకి లెక్కేస్తే 384 రూపాయల విలువ. డబ్బు కట్టాల్సింది నలభై రోజుల తరవాత. ఊరికి ఉపకారం, నాకు లాభం. ఇంతకన్నా తెలివైన కొడుకు ఎవడుంటాడు :)

సంక్రాంతికి మళ్ళీ వెళ్ళాను. భోజనాలయ్యాక బాబాయి ఒక కాయితం పట్టుకొచ్చి, "ఒరే అబ్బాయ్, కంప్యూటర్లు చదివావు గదా, ఈ లెక్కేందో చూసి చెప్పు" అన్నాడు. బ్యాంకు వాళ్ళు పంపిన స్టేట్‌మెంటు. అందులో నా బిల్లు కూడా ఉంది. 38,400 ఎదురుగా, మర్నాడు బాబాయి ఖాతాలో పడ్డది 37,539 రూపాయల 7 పైసలు. మధ్యలో పోయింది 860 రూపాయల 93 పైసలు. 1.9 శాతం చొప్పున ఎండీఆర్, దాని మీద 18 శాతం జీఎస్టీ. (జీఎస్టీ ముక్క ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆడిటరు గుర్తుపెట్టుకుని రాస్తే.)

ఆ బిల్లు మీద బాబాయికి మిగిలేది ఎంత అని అడిగాను. ఎరువుల మీద చాలా తక్కువ, మందుల మీద కాస్త నయం, అన్నీ కలిపి నూటికి ఐదు అనుకో అన్నాడు. అంటే 1,920. కొట్టు అద్దె, కుర్రాడి జీతం, కరెంటు, గోడౌను అన్నీ అందులోంచే. అందులో దగ్గర దగ్గర సగం నేను ఒక్క గీకుతో ఊడగొట్టాను. నాకొచ్చిన పాయింట్లు ఎక్కడినుంచి వచ్చాయనుకున్నారు? అక్కణ్ణించే.

"మరి నాకెందుకు చెప్పలా బాబాయ్?"

"ఏం చెప్పమంటావురా? అన్న కొడుకువి. రెండు శాతం ఎక్కువ కట్టమని నిన్నడిగితే బాగుంటదా?"

ఆ తరవాత ఇంకో మాటన్నాడు. ఈ టపా రాయడానికి కారణం ఆ మాటే. "మన ఊళ్ళో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకిరా. వీళ్ళు రెండు రూపాయలు ఒక్క రోజుకే తీసుకున్నారు. అప్పు తీసుకుంది నువ్వు, వడ్డీ కట్టింది నేను."

నేను ఐదేళ్ళ కిందట హైదరాబాదులో కార్డు చెల్లింపుల సాఫ్టువేరు మీద రెండేళ్ళు పైగా పనిచేశాను. ఈ ఎండీఆర్ లెక్కలన్నీ టెస్టు కేసులుగా రాసినవాణ్ణే. ఇంతకాలం నాకు తట్టని విషయం, పదో తరగతి చదివిన బాబాయి ఒక్క వాక్యంలో చెప్పేశాడు. నిజమే కదా. నలభై రోజులు నాకు అప్పిచ్చింది నా బ్యాంకు. ఆ అప్పుకి ఖరీదు కట్టింది కొట్టాయన. నేను అప్పు తీసుకున్నట్టు కూడా నాకనిపించలేదు, అందుకే నాకేమీ నొప్పి లేదు.

లోపల జరిగేది టూకీగా చెబుతాను. కార్డు గీకగానే సమాచారం కొట్టాయనకి మిషనిచ్చిన బ్యాంకుకి వెళ్తుంది. అది వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్కుకి పంపుతుంది. నెట్‌వర్కు నాకు కార్డిచ్చిన బ్యాంకుని అడుగుతుంది. అది సరే అంటే బిల్లొస్తుంది. రెండు మూడు సెకన్ల పని. కొట్టాయన దగ్గర పట్టుకున్న ఫీజు ముగ్గురూ పంచుకుంటారు. పెద్ద వాటా కార్డిచ్చిన బ్యాంకుది, దాన్నే ఇంటర్‌ఛేంజ్ అంటారు. ఆ ఇంటర్‌ఛేంజ్ ఎంతో నిర్ణయించేది నెట్‌వర్కు. ఇక్కడే అసలు మెలిక ఉంది. మామూలు సరుకుకి పోటీ పెరిగితే ధర తగ్గుతుంది. ఇక్కడ నెట్‌వర్కులు పోటీ పడేది కార్డిచ్చే బ్యాంకుల కోసం. బ్యాంకుల్ని ఆకర్షించాలంటే ఇంటర్‌ఛేంజ్ ఎక్కువ ఇవ్వాలి. అంటే పోటీ ఎక్కువయ్యేకొద్దీ కొట్టాయన మీద భారం పెరుగుతుంది. కట్టేవాడికి బేరమాడే చోటే లేదు. ఎయిర్‌పోర్టుల్లో లౌంజులూ, సినిమా టిక్కెట్లూ ఇచ్చే ఖరీదైన కార్డయితే ఫీజు ఇంకా ఎక్కువ. దర్శిలో పురుగుమందులమ్మే ఆయన, ఎవరో బెంగుళూరు ఎయిర్‌పోర్టులో ఉచితంగా ఇడ్లీ తినడానికి చందా వేస్తున్నాడన్నమాట. కొట్టాయన ఆ చందాని ధరలో కలిపేస్తే, నోట్లిచ్చి కొనుక్కునే రైతు కూడా ఇడ్లీకి డబ్బిచ్చినట్టే.

మన దేశంలో దీన్ని అదుపు చెయ్యలేరా అంటే, చేశారు. సగం.

2012లో రిజర్వు బ్యాంకు డెబిట్ కార్డుకి హద్దు పెట్టింది, రెండు వేల దాకా 0.75 శాతం, ఆపైన 1 శాతం. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాక కథ వేగం అందుకుంది. అందరూ కార్డు గీకండి, గీకండి అన్నారు. 2017 జనవరిలో పెట్రోలు బంకుల వాళ్ళ దగ్గర బ్యాంకులు ఒక శాతం దాకా ఫీజు పట్టుకుంటామనేసరికి, డీలర్ల సంఘం వాళ్ళు తొమ్మిదో తారీఖు నుంచి కార్డులు తీసుకోం పొమ్మన్నారు. గుర్తుందా? ఒక్క పూటలో ఢిల్లీ కదిలింది. ముందు పదమూడో తారీఖు దాకా వాయిదా, తరవాత జనం మీదా, డీలర్ల మీదా భారం పడదని సాక్షాత్తూ మంత్రిగారే చెప్పారు. ఆ రోజుల్లోనే మన చంద్రబాబు నాయుడుగారి అధ్యక్షతన డిజిటల్ చెల్లింపుల మీద ముఖ్యమంత్రుల కమిటీ వేశారు. 2017 జనవరి 24న ప్రధానికి మధ్యంతర నివేదిక ఇచ్చారు. చిన్న వ్యాపారులు స్మార్టుఫోను కొనుక్కోడానికి వెయ్యి రూపాయల రాయితీ, బ్యాంకుల్లో యాభై వేలు దాటిన నగదు లావాదేవీల మీద పన్ను, ఎండీఆర్ తగ్గించడం, ఇలాంటి సిఫార్సులున్నాయి అందులో. యాభై వేల మీద పన్ను అనేసరికి మా ఊళ్ళో దాని గురించే మాట్లాడుకున్నారు, ఎండీఆర్ సంగతి ఎవరికీ పట్టలేదు.

2018 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు లెక్క మార్చింది. ఏడాదికి ఇరవై లక్షల లోపు వ్యాపారం చేసే చిన్నవాళ్ళకి డెబిట్ కార్డు మీద 0.40 శాతం, మిగతావాళ్ళకి 0.90 శాతం మించకూడదు. పైగా ఒక్కో లావాదేవీకి చిన్నవాళ్ళకి 200, పెద్దవాళ్ళకి 1000 రూపాయలు దాటకూడదు. తరవాత 2019 బడ్జెట్టులో నిర్మలా సీతారామన్‌గారు ఇంకో అడుగేశారు. 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలో 10ఏ అని ఒక సెక్షను చేర్చారు. దాంతో 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుకీ, యూపీఐకీ ఎండీఆర్ సున్నా.

ఈ పొడుగాటి చరిత్రలో ఎక్కడైనా క్రెడిట్ కార్డు అన్న మాట కనిపించిందా? లేదు. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెల్లింపుల ఛార్జీల మీద ఒక చర్చాపత్రం వేసి, క్రెడిట్ కార్డు ఫీజుల్ని కూడా నియంత్రించాలా అని జనాన్నే అడిగింది. అడిగారు, విన్నారు. డెబిట్ కార్డుకున్న హద్దు మాత్రం క్రెడిట్ కార్డుకి పెట్టలేదు.

తమాషా ఏంటంటే, దేశంలో మొదట్లోనే క్రెడిట్ కార్డులిచ్చిన బ్యాంకుల్లో మన ఆంధ్రా బ్యాంకొకటి. 1981లోనే ఇచ్చింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో పెట్టిన బ్యాంకు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అప్పట్లో కార్డంటే పెద్ద హోటళ్ళకీ, విమానం ఎక్కేవాళ్ళకీ సంబంధించిన వ్యవహారం. వాళ్ళ వ్యవహారం వాళ్ళు చూసుకుంటార్లే అని చట్టం పట్టించుకోకపోయినా ఫరవాలేదు. ఇప్పుడలా కాదు. మా ఊళ్ళో డిగ్రీ అయిన కుర్రాళ్ళకి కూడా కార్డిస్తాం రమ్మని ఫోన్లు చేస్తున్నారు.

"యూపీఐ ఉందిగా, కార్డు మిషను తీసి పక్కన పెట్టమనవయ్యా మీ బాబాయిని" అని మీరనొచ్చు. నేనూ అదే చెప్పాను. కానీ 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి తగిలించుకోవచ్చు. కొట్లో అదే క్యూఆర్ బొమ్మ, అదే ఫోను, అదే "డబ్బులు అందాయి" అని అరిచే డబ్బా. డబ్బులొచ్చింది బ్యాంకు ఖాతాలోంచా, క్రెడిట్ కార్డులోంచా అన్నది కౌంటరు దగ్గర కూర్చున్న మనిషికి తెలిసేదెలా? చిన్న వ్యాపారులకి రెండు వేల లోపయితే దీని మీద ఫీజు లేదు, సంతోషం. కానీ మిరప రైతు మందుల బిల్లు రెండు వేలలో ఎప్పుడు తెమిలింది? 2021-22లో నల్ల తామరపురుగు వచ్చినప్పుడు మావాళ్ళు వారానికో రకం మందు కొట్టారు. ఒక్కో విడత బిల్లే వేలల్లో ఉండేది. అంటే ఏ ఊళ్ళో బిల్లు పెద్దదో, లాభం చిన్నదో, అక్కడే ఫీజు తగులుతుంది.

ఇక్కడ న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. ఫీజు దండగ, సున్నా చెయ్యండి అని నేననడం లేదు. నిజం చెప్పాలంటే బాబాయికి కార్డంటే కోపం కూడా లేదు. ఖాతా పుస్తకం బాధ ఆయనకి తెలుసు. 2025 మొదట్లో మిరప ధర పడిపోయి, ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలని జోక్యం ధర ప్రకటించిన ఏడాది, బాబాయి పుస్తకంలో సగం పేర్లు అలాగే ఉండిపోయాయి. మొహమాటం లేకుండా అడగలేడు, అడిగినా వాళ్ళ దగ్గర లేదు. కార్డయితే మర్నాటికి డబ్బు చేతిలో పడుతుంది, ఎగ్గొట్టే భయం బ్యాంకుది. దానికి ఎంతో కొంత ఇవ్వడం ధర్మమే. నా తగువంతా "ఎంతో కొంత" అన్నది ఎవరు తేలుస్తారు అన్నదాని మీద.

సున్నా చేస్తే ఏమవుతుందో యూపీఐలో చూస్తూనే ఉన్నాం. ఎవరో ఒకరు కట్టాలిగా. అందుకని ప్రభుత్వం బ్యాంకులకి ప్రోత్సాహకమని ఇస్తోంది. 2024-25కి 1,500 కోట్లు, చిన్న వ్యాపారుల రెండు వేల లోపు లావాదేవీల మీద 0.15 శాతం లెక్కన. 2025 జూన్‌లో యూపీఐ మీద మళ్ళీ ఎండీఆర్ వేస్తారని పుకారు లేస్తే ఆర్థికశాఖ కాదు కాదని ఖండించాల్సొచ్చింది. ఒక వైపు సున్నా, ఇంకో వైపు హద్దు లేదు. మధ్యలో ఒక న్యాయమైన అంకె ఉంటుందన్న ఆలోచన ఎవరికీ రాలేదంటే నమ్మబుద్ధి కాదు.

బయట దేశాల్లో ఆ అంకె పెట్టారు. ఆస్ట్రేలియాలో రిజర్వు బ్యాంకు 2003లోనే క్రెడిట్ కార్డుల ఇంటర్‌ఛేంజ్‌ని సగటున సుమారు అర శాతానికి దించింది. యూరప్‌లో 2015లో చట్టం చేసి, మామూలు జనం వాడే డెబిట్ కార్డుకి 0.2, క్రెడిట్ కార్డుకి 0.3 శాతం మించి ఇంటర్‌ఛేంజ్ ఉండకూడదన్నారు. బ్యాంకులు మూతపడలేదు, కార్డులు మాయమవలేదు. పాయింట్లు మాత్రం తగ్గాయి. నాకు 384 రూపాయలు పోతాయి, పోనీండి.

అమెరికా మాత్రం మనలాగే సగంలో ఆగింది. 2010లో డర్బిన్ సవరణ అని తెచ్చి, పెద్ద బ్యాంకుల డెబిట్ కార్డులకి 21 సెంట్లు, దాని పైన 0.05 శాతం అని హద్దు పెట్టారు. క్రెడిట్ కార్డు జోలికి పోలేదు. ఆ డర్బిన్‌గారే ఇంకో సెనేటర్ మార్షల్‌తో కలిసి 2022లో ఒకసారి, 2023లో మరోసారి క్రెడిట్ కార్డుల పోటీ బిల్లు పెట్టారు. రెండుసార్లూ చట్టం కాలేదు. కొట్లవాళ్ళు వీసా, మాస్టర్‌కార్డుల మీద 2005లో వేసిన కేసులో ఒక రాజీ ఒప్పందం కుదిరితే, వ్యాపారులకి దక్కేది చాలదని 2024 జూన్‌లో జడ్జిగారే దాన్ని తిరస్కరించారు. టెక్సాసులో గ్యాసు స్టేషను నడిపే మా ఇంజినీరింగు మిత్రుడొకడున్నాడు. వాడి బంకు ముందు బోర్డు మీద రెండు ధరలుంటాయి, నోట్లిస్తే ఒకటి, కార్డిస్తే ఒకటి. "గాలను మీద నాకు మిగిలేదానికన్నా కార్డు కంపెనీకి పోయేదే ఎక్కువరా, నేను వాళ్ళ గుమాస్తాని" అంటాడు. మన కొట్లవాళ్ళకి ఆ రెండు ధరల బోర్డు పెట్టే ధైర్యం కూడా లేదు. ఎదుటి కొట్టు నాలుగడుగుల దూరంలో ఉంటుంది మరి.

"ఇది బ్యాంకుకీ వ్యాపారికీ మధ్య ఒప్పందం, ప్రభుత్వం ఎందుకు దూరాలి?" అని నా ఆఫీసు మిత్రులంటారు. దానికి నా సమాధానం గుంటూరు యార్డులో ఉంది. రైతుకీ కొనేవాడికీ మధ్య నిలబడి కమీషన్ తీసుకునేవాళ్ళని వాళ్ళిష్టానికి వదిలెయ్యలేదు మన శాసనసభ. 1966లో మార్కెట్ల చట్టం చేసి లైసెన్సు పెట్టింది, మార్కెట్ సెస్సుకి లెక్క పెట్టింది. అక్కడ తూకంలో, కమీషన్‌లో అన్యాయాలు జరగట్లేదా అంటే జరుగుతాయి, మా నాన్ననడిగితే ఒక పూట చెబుతాడు. కానీ నిలదియ్యడానికి ఒక చట్టం ఉంది, ఒక అంకె ఉంది. కార్డు కూడా మధ్యవర్తే. ఈ మధ్యవర్తికి మాత్రం అంకె లేదు.

అందుకని ఒంగోలు పార్లమెంటు సభ్యులవారికి ఉత్తరం రాస్తున్నాను (దర్శి ఒంగోలు పార్లమెంటు కిందకే వస్తుంది). ఏ పార్టీ అన్నది నాకనవసరం. 2007 చట్టం ఉంది, రిజర్వు బ్యాంకు డెబిట్ కార్డుకి హద్దు పెట్టింది ఆ చట్టం కిందనే. కాబట్టి కొత్తగా ఆకాశం దించక్కర్లేదు. క్రెడిట్ కార్డు ఇంటర్‌ఛేంజ్‌కి కూడా ఒక పై హద్దు పెట్టమని, చిన్న వ్యాపారికి ఇంకా తక్కువుండాలని, డెబిట్ కార్డుకున్నట్టే ఒక లావాదేవీకి ఇన్ని రూపాయలు దాటకూడదని ఉండాలని అడుగుతున్నాను. డబ్బు క్రెడిట్ కార్డులోంచి వస్తోందో లేదో, దానికి ఎంత ఫీజు పోతుందో ఆ క్షణంలోనే కొట్టాయన ఫోనులో తెలుగులో కనిపించాలి. సాఫ్టువేరు వాడిగా చెబుతున్నాను, ఇది పెద్ద పనేం కాదు, ఆ సమాచారం వ్యవస్థలో ముందే ఉంటుంది. ఇవన్నీ ఒక్కసారిగా అయ్యేవి కాకపోతే, కనీసం సభలో ఒక ప్రశ్న వెయ్యమన్నాను: దేశంలో చిన్న వ్యాపారులు క్రెడిట్ కార్డు ఫీజుల కింద ఏడాదికి ఎంత కడుతున్నారు, అందులో ఎంత ఎవరికి పోతోంది? రాతపూర్వకంగా ఒక జవాబొచ్చినా చాలు, అక్కణ్ణించి మాట్లాడొచ్చు. మీ ఊళ్ళో కొట్టాయన్ని అడిగి ఆయన లెక్క కూడా కనుక్కోండి, మీ సభ్యుడికి మీరూ రాయండి.

ఉత్తరం చిత్తుప్రతి బాబాయికి ఫోనులో చదివి వినిపించాను. అంతా విని, "ఇంటర్‌ఛేంజీ గింటర్‌ఛేంజీ నాకు తెలవదుగానీ, ఇంకోటి రాయి" అన్నాడు. ఉగాదికి ముందు ఎవరో కుర్రాడు కార్డు మీద పద్నాలుగు వేల మందులు కొని, వాళ్ళ నాన్న వేరే మందు కావాలన్నాడని రెండోరోజే తిరిగిచ్చేశాడట. బాబాయి పద్నాలుగు వేలూ పూర్తిగా వెనక్కిచ్చాడు. బ్యాంకు పట్టుకున్న ఫీజు మాత్రం వెనక్కి రాలేదు. అమ్మనే లేదు, కమీషనేందిరా, అది అడుగు ముందు, అన్నాడు.

దాన్నే మొదటి పేరాగా మార్చాను.